కల్వకుర్తి చేతికి సాల్మన్ చిక్కితే...

చేపకు తీపి పూస్తారంటే మన వైపు నమ్మేవాళ్ళు తక్కువ. "చేపలకు బెల్లమేంది, పాయసం వండుతరా?" అని నవ్వేస్తారు. చేపంటే చింతపండు పులుసు, లేదంటే ఉప్పూ కారం పట్టించి పెనం మీద వేపుడు. ఈ రెండూ వచ్చిన ఆడవాళ్ళకు మూడో పద్ధతి నేర్చుకోవాల్సిన పని ఇన్నాళ్ళూ పడలేదు. కానీ ఇప్పుడు మన సంసారాలు సగం ఇక్కడా, సగం అమెరికాలోనూ నడుస్తున్నాయి కదా! పురుళ్ళకని, మనవల పెంపకానికని, ఆరేసి నెలలు అక్కడ వంటింట్లో నిలబడాల్సింది మళ్ళీ మన అమ్మలే.

కల్వకుర్తి నుంచి ఒక అక్కయ్య రాసిన ఉత్తరం ఈ వారం మన శీర్షికకు కారణం. మొదటిసారి బిడ్డ పురుటికి వెళ్ళినప్పుడు అక్కడి ఫ్రిజ్‌లో నారింజ రంగు చేప కనపడిందట. తనకు తెలిసినట్టు చింతపండు పిండి, మెంతిపొడి వేసి, కమ్మగా పులుసు పెట్టిందట. దించి చూస్తే ముక్క అన్నది మిగల్లేదు, అంతా తునాతునకలై పులుసులో కలిసిపోయిందట. అల్లుడు ఏమీ అనలేదు గానీ మర్నాడు ఆయనే ఏదో సీసాలోని తియ్యటి సాస్ పూసి ఓవెన్‌లో పెడితే, నాలుగేళ్ళ మనవడు పళ్ళెం నాకి మరీ తిన్నాడట. "చేప ఖరీదు పోయిందని కాదమ్మా, నా చేతి ముద్ద మనవడు తినకపాయె అన్నదే నా బాధ. ఇప్పుడు రెండో కాన్పుకు పోతున్నా. ఆ తీపి చేప నాకు నేర్పుండ్రి" అని అడిగింది.

ఎంత ముచ్చటైన కోరిక! నలభై ఏళ్ళు వండిన చెయ్యి ఒక్క చేప దగ్గర ఓడిపోవాల్సిన పని లేదు. ఆ చేప గుణం తెలియకపోవడమే తప్ప ఇందులో వంట రాకపోవడమన్నది లేదు. గుణం తెలిస్తే సీసా సాసులూ అక్కర్లేదు, మన డబ్బాలోని బెల్లమే చాలు. ఆ అక్కయ్యతో పాటు మీరందరూ కూడా చదవండి.

ముందు ఆ చేప సంగతి

సాల్మన్ చల్లటి నీళ్ళ చేప. ఏట్లో పుట్టి, సముద్రానికి పోయి పెరిగి, గుడ్లు పెట్టడానికి మళ్ళీ పుట్టిన ఏటికే ఎదురీదుకుంటూ వస్తుంది. ఒక విధంగా ఇదీ పురుటికి పుట్టింటికి వచ్చే బిడ్డ లాంటిదే! అమెరికా కొట్లలో రెండు రకాలు ఎక్కువగా కనిపిస్తాయి. అట్లాంటిక్ సాల్మన్ అని రాసి ఉంటే అది దాదాపుగా పెంచిన చేపే. నార్వే, చిలీ దేశాలు దీని పెంపకంలో ముందున్నాయి. అలాస్కా అనో, సాకై అనో రాసి ఉంటే అది సముద్రంలో సహజంగా పెరిగిన చేప. సాకై రంగు ఇంకా ముదురు ఎరుపు, కొవ్వు తక్కువ.

ఆ రంగు చూసి ఏదో అద్దారని భయపడకండి. సహజంగా పెరిగే సాల్మన్ రొయ్యల వంటి చిన్న జీవాలను తింటుంది. వాటిలో ఉండే అస్టాక్సాంథిన్ అనే పదార్థమే కండకు ఆ రంగునిస్తుంది. పెంచే చేపలకు అదే పదార్థాన్ని మేతలో కలుపుతారు.

ఇక అసలు విషయం కొవ్వు. పెంచిన అట్లాంటిక్ సాల్మన్‌లో వంద గ్రాముల పచ్చి కండకు సుమారు 13 గ్రాముల కొవ్వు ఉంటుంది. మన చెరువుల్లో దొరికే రవ్వ, కొర్రమీను వంటివి దీనితో పోలిస్తే బక్క చేపలు. నెయ్యి వేసిన పప్పుకూ, వేయని పప్పుకూ ఉన్నంత తేడా అన్నమాట. ఈ ఒక్క తేడా తెలిస్తే మిగిలిన వంటంతా దానంతట అదే అర్థమవుతుంది.

పులుసులో ఎందుకు చితికింది?

మనం కొర్రమీనును అడ్డంగా కోస్తాం. మధ్యలో వెన్ను ముల్లు, చుట్టూ చర్మం ఉండి ముక్కను పట్టి ఉంచుతాయి. పావుగంట మరిగినా ముక్క ముక్కలాగే ఉంటుంది. సాల్మన్‌ను అక్కడ ఫిల్లెట్ అని నిలువుగా కోసి, వెన్ను ముల్లు తీసేసి అమ్ముతారు. కొన్నింటికి చర్మం కూడా ఉండదు. చేప కండ పొరలు పొరలుగా ఉంటుంది. పొరల మధ్య ఉండే పలచటి పట్టు వేడికి ఇట్టే కరిగిపోతుంది. పట్టి ఉంచే ముల్లూ లేదు, చర్మమూ లేదు, పైగా పావుగంట మరుగు. చితక్క ఏమవుతుంది?

సాల్మన్‌తో పులుసే కావాలంటే దానికీ దారి ఉంది. చర్మం ఉన్న ముక్క తెచ్చుకోండి. ఉల్లిగడ్డ, చింతపండు, కారం అన్నీ వేసి ముందు పులుసును పూర్తిగా మరిగించి, చిక్కబడనివ్వండి. పొయ్యి కట్టేసే ఐదారు నిమిషాల ముందు మాత్రమే ముక్కలు పరచండి. గరిటె పెట్టొద్దు. గిన్నె అంచులు పట్టుకుని గుండ్రంగా కదపండి. ఈ కదపడం మనకెవరూ నేర్పనక్కర్లేదు, మన అమ్మమ్మలందరూ చేసిందే. మార్చుకోవాల్సింది సమయం ఒక్కటే.

తీపీ, ఉప్పూ ఏం చేస్తాయి?

అల్లుడు పూసిన ఆ సీసాలోది బహుశా టెరియాకీ సాసు అయి ఉంటుంది. జపాన్ వాళ్ళ వంట అది. వాళ్ళ భాషలో 'టెరి' అంటే మెరుపు, 'యాకి' అంటే కాల్చడం. సోయా సాసు, పంచదార, మిరిన్ అనే తియ్యటి బియ్యపు సారా కలిపి కాచి, చేప మీద పూస్తూ మెరిసేలా కాలుస్తారు. చూశారా, ఉప్పూ తీపీ కలిపి పట్టించడమే అందులోని రహస్యమంతా.

ఇందులో ఒక్కొక్కదానికీ ఒక్కో పని ఉంది. ఉప్పు కండలోకి దిగి, లోపలి నీటిని పట్టి ఉంచుతుంది. అందుకే ఉప్పు పట్టిన ముక్క ఉడికినా ఎండిపోదు. తీపి పైపైన ఉండి వేడికి ఎర్రగా కాలి రంగునూ కమ్మటి వాసననూ ఇస్తుంది, ఉప్పు ఘాటును తగ్గిస్తుంది. కొవ్వున్న చేప తింటుంటే నాలుకకు కొంచెం జిడ్డుగా, మొహం మొత్తినట్టుగా అనిపిస్తుంది. ఉప్పు, తీపి, కాస్త పులుపు కలిస్తే ఆ మొత్తడం పోతుంది. మన ఉగాది పచ్చడిలో తీపి, పులుపు, ఉప్పు, కారం ఒకదాన్నొకటి అణచుకుంటూ సర్దుకుపోతాయి చూడండి, అలాగే ఇదీ.

పులుపుతో మాత్రం జాగ్రత్త. మటన్‌కు పెరుగో, నిమ్మరసమో పట్టించి గంటల తరబడి నానబెట్టడం మనకలవాటు. చేప మటన్ కాదు. మెత్తబరచాల్సినంత గట్టితనం దానికి లేదు. నిమ్మరసంలోనో, చింతపండు రసంలోనో గంటసేపు ఉంచితే పొయ్యి ఎక్కకముందే పైపొర తెల్లబడి, ఉడికినట్టయి, వండాక పిండిపిండిగా అవుతుంది. ఎంతసేపు నానబెట్టినా మసాలా కండలోకి దిగేది పైపైనే. కాబట్టి పులుపు లేని మసాలా అయితే అరగంట, పులుపు ఉంటే పావుగంట చాలు. ఇంకా పులుపు కావాలంటే వడ్డించేటప్పుడు నిమ్మకాయ పిండుకోండి.

తీపితో ఉన్న చిక్కు వేరు, అది త్వరగా మాడుతుంది. మొత్తం పాకాన్ని మొదటే పూసి పెద్ద మంట మీద పెడితే పైన నల్లగా బొగ్గు, లోపల పచ్చి. పొగ లేచి అక్కడి ఇళ్ళల్లో పొగ గంట గణగణా మోగుతుంది. అందుకని పాకాన్ని రెండు భాగాలు చేయాలి. ఒక భాగం నానబెట్టడానికి, రెండోది చివర్లో పూయడానికి.

బెల్లం–అల్లం సాల్మన్

కావలసినవి:
సాల్మన్ (చర్మంతో ఉన్నది, అంగుళం మందం) – 600 గ్రాములు, నాలుగు ముక్కలు
సోయా సాసు – 3 టేబుల్ స్పూన్లు
బెల్లం తురుము – 2 టేబుల్ స్పూన్లు
అల్లం వెల్లుల్లి ముద్ద – 2 టీ స్పూన్లు
కారం – 1 టీ స్పూను (పిల్లలకైతే పావు టీ స్పూను)
మిరియాల పొడి – పావు టీ స్పూను
నూనె – 1 టేబుల్ స్పూను
నిమ్మకాయ – సగం
వేయించిన నువ్వులు – 1 టీ స్పూను
ఉల్లికాడలు లేదా కొత్తిమీర – కొద్దిగా
ఉప్పు – వేయకూడదు

తయారు చేసే విధానం:
ముందుగా ముక్క పైవైపున వేలితో తలవైపు నుంచి తోకవైపు, తోకవైపు నుంచి తలవైపు రాయండి. సూదుల్లాంటి సన్న ముళ్ళు వేలికి తగిలితే పట్టుకారుతో వాలుగా లాగేయండి. పిల్లలకు పెట్టే ఇంట్లో ఈ పని మరవొద్దు. తర్వాత ముక్కలను కాగితపు తువాలుతో తడి లేకుండా అద్దండి. తడి ముక్క వేగదు, ఆవిరికి ఉడుకుతుంది.

ఒక గిన్నెలో సోయా సాసు, బెల్లం, అల్లం వెల్లుల్లి ముద్ద, కారం, మిరియాల పొడి వేసి బెల్లం కరిగేదాకా కలపండి. బెల్లంలో నలకలుంటే వడకట్టుకోండి. ఇందులో సగం తీసి వేరే చిన్న గిన్నెలో పక్కన పెట్టండి. దీనికి పచ్చి చేప తగలకూడదు. మిగిలిన సగంలో నూనె కలిపి ముక్కలకు పట్టించి, మూత పెట్టి ఫ్రిజ్‌లో అరగంట ఉంచండి.

పక్కన పెట్టిన సగానికి మూడు టేబుల్ స్పూన్ల నీళ్ళు కలిపి చిన్న మంట మీద మూడు నాలుగు నిమిషాలు మరిగించండి. తేనెలా జారుతుంటే దించేయండి. చల్లారాక ఇంకా చిక్కబడుతుంది.

ఓవెన్‌ను 200 డిగ్రీల సెంటీగ్రేడుకు వేడి చేసి పెట్టుకోండి. అమెరికాలో వేడిని ఫారెన్‌హీట్‌లో చూపిస్తారు, అక్కడైతే 400 డిగ్రీలు. పళ్ళెంలో అల్యూమినియం రేకు పరిచి నూనె రాసి, చర్మం కిందికి ఉండేలా ముక్కలు పేర్చండి. నానబెట్టిన రసాన్ని మీద పోయొద్దు, వదిలేయండి. పది నిమిషాలయ్యాక పళ్ళెం బయటికి తీసి, మరిగించిన పాకాన్ని ముక్కల మీద పూసి మళ్ళీ మూడు నాలుగు నిమిషాలు పెట్టండి. సాకై అయితే కొవ్వు తక్కువ కాబట్టి రెండు మూడు నిమిషాల ముందే చూసుకోండి.

ఉడికిందో లేదో తెలియడానికి, బాగా మందంగా ఉన్న చోట ఫోర్కు గుచ్చి కొంచెం తిప్పండి. పొరలు విడిపోయి, లోపల గాజులా మెరిసే పచ్చిదనం లేకపోతే ఉడికినట్టే. ఆ ఇళ్ళల్లో మాంసానికి గుచ్చే థర్మామీటరు ఉంటుంది, దాంట్లో 145 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 63 డిగ్రీల సెంటీగ్రేడు చూపిస్తే చాలు. ముక్క పక్కల నుంచి తెల్లగా విరిగిన పాలలాంటిది ఊరితే కంగారు పడొద్దు. అది చేపలోని మాంసకృత్తే. అది ఎక్కువగా వచ్చిందంటే మాత్రం మంట ఎక్కువైందని గుర్తు.

నిమ్మరసం పిండి, నువ్వులు, ఉల్లికాడలు చల్లి వేడి అన్నంతో వడ్డించండి. జొన్న రొట్టెతో కూడా బాగుంటుంది. ఆ తియ్యటి పాకం రొట్టెకు అంటుకుని, పక్కన పచ్చి ఉల్లిగడ్డ కొరుక్కుంటే... తిన్నవాళ్ళకే తెలుస్తుంది!

ఓవెన్ అలవాటు లేనివాళ్ళు పెనం మీదే చేసుకోవచ్చు. మధ్యస్థంగా మంట పెట్టి, చర్మం కిందికి ఉంచి ఐదారు నిమిషాలు కదపకుండా వేగనివ్వండి. తిప్పి రెండు మూడు నిమిషాలు ఉంచి, మంట బాగా తగ్గించి అప్పుడు పాకం పోయండి. అర నిమిషంలో ముక్కకు పట్టేస్తుంది. కిటికీ తెరిచి, పైన పొగ లాగే ఫ్యాను వేసుకుని మరీ మొదలుపెట్టండి.

బాలింతకు పెట్టొచ్చా?

ఉత్తరం రాసిన అక్కయ్య వెళ్ళేది కాన్పుకు కనుక ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. బాలింత పథ్యం ఇంటికో రకం. కొన్ని ఇళ్ళల్లో కొన్నాళ్ళపాటు చేప ముట్టనివ్వరు. కోస్తా వైపు మాత్రం పాలు పడాలని సొరపిట్టు చేసి పెడతారు. తల్లి ఒకటి అంటే బిడ్డ ఒకటి అని, పచ్చి పురుటింట్లో ఇద్దరూ మొహాలు ముడుచుకోవడం మంచిది కాదు. కనుక తెలుసుకుని మాట్లాడుకోండి.

అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ గర్భిణులకూ, పాలిచ్చే తల్లులకూ చేపల పట్టిక ఒకటి ఇచ్చింది. పాదరసం తక్కువగా ఉండే మంచి చేపల జాబితాలో సాల్మన్ ఉంది. ఆ జాబితాలోని చేపలు వారానికి రెండు మూడుసార్లు, అన్నీ కలిపి సుమారు 225 నుంచి 340 గ్రాముల వరకు తినొచ్చని సలహా. సాల్మన్‌లో ఒమేగా–3 కొవ్వులు ఎక్కువ. అందులోని డీహెచ్ఏ అనేది తల్లిపాల ద్వారా పసిబిడ్డకు అందుతుంది, మెదడు, కళ్ళ ఎదుగుదలకు పనికొస్తుంది. ఇంకో మాట, మనం పాల కోసమని పెట్టే సొర మాత్రం పాదరసం ఎక్కువ కనుక తినొద్దన్న జాబితాలో ఉంది. పాత మాటలన్నీ తప్పనీ కాదు, అన్నీ ఒప్పనీ కాదు. బిడ్డను చూసే డాక్టరును ఒక్కమాట అడిగి మొదలుపెట్టండి.

గర్భిణులు పచ్చి సాల్మన్, ఉడికించకుండా పొగబెట్టి అమ్మే చల్లటి సాల్మన్ ముట్టకూడదు. పూర్తిగా ఉడికినదే తినాలి. ఇంకొకటి, ఈ వంటలో బెల్లం బదులు తేనె వేసే వాళ్ళున్నారు. ఏడాది నిండని పసివాళ్ళకు తేనె ఏ రూపంలోనూ పెట్టకూడదు, అది వాళ్ళకు ప్రమాదం. ఆరు నెలలు దాటి ముద్ద మొదలుపెట్టిన బిడ్డకు ఉప్పు, తీపి, సోయా ఏదీ లేకుండా ముక్క విడిగా ఉడికించి, ముళ్ళు వెతికి, మెత్తగా చిదిమి చిటికెడు పెట్టి చూడండి. చేపా, సోయా రెండూ కొందరికి పడవు కాబట్టి మొదటిసారి కొంచెమే పెట్టాలి.

బి.పి. ఉన్నవాళ్ళకు ఒక లెక్క చెప్తాను. ఒక టేబుల్ స్పూను సోయా సాసులో దాదాపు 900 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. మూడు స్పూన్లు నలుగురికి పంచితే తలకు 675 మిల్లీగ్రాములు. రోజు మొత్తానికి రెండు వేలు మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. అంటే మూడో వంతు ఈ ఒక్క వంటలోనే అయిపోతుంది! ఉప్పు వేయొద్దన్నది అందుకే. సోడియం తగ్గించిన సోయా సాసు కూడా అమ్ముతారు, అది వాడుకోండి. షుగరు ఉన్నవాళ్ళు చివర్లో పూసే పాకం మానేసి నిమ్మరసం, మిరియాలతో సరిపెట్టుకోండి. గోధుమ పడనివాళ్ళు సోయా సీసా మీద రాసింది చదవాలి, మామూలు సోయా సాసులో గోధుమ ఉంటుంది.

ఇక్కడే ఉన్నవాళ్ళ సంగతి?

"అమెరికా పోయేవాళ్ళకు చెప్పారు, మరి మాకో?" అంటున్నారు కదూ! సాల్మన్ హైదరాబాదులో గడ్డకట్టించి దిగుమతి చేసినది దొరుకుతుంది గానీ ధర మన కొర్రమీను కంటే చాలా ఎక్కువ. అంగట్లో రావస్‌ను ఇండియన్ సాల్మన్ అని కూడా అంటారు. అది మంచి సముద్రపు చేపే, కానీ సాల్మన్ జాతి కాదు, పేరు మాత్రమే కలిసింది. ఆ పేరు చూసి ఎక్కువ ధర పెట్టకండి.

సాల్మన్‌కు సొంత చుట్టం మాత్రం మన దారిలోనే ఉంది! కల్వకుర్తి నుంచి హైదరాబాదుకు పోయే శ్రీశైలం రోడ్డులో కందుకూరు వస్తుంది కదా. రంగారెడ్డి జిల్లాలోని ఆ కందుకూరు మండలంలో రెయిన్‌బో ట్రౌట్ పెంచే కేంద్రాన్ని 2025 జూలైలో ప్రారంభించారు. ట్రౌట్ సాల్మన్ కుటుంబానికి చెందిన చల్లనీళ్ళ చేప. మన దేశంలో కాశ్మీరు, హిమాచల్ ప్రదేశ్ వంటి చల్లటి కొండ ప్రాంతాల్లోనే పెరిగేది. ఇక్కడ నీటిని చల్లబరచి, శుభ్రం చేసి మళ్ళీ మళ్ళీ తిప్పుతూ ఈ ఎండల దేశంలో పెంచుతున్నారు. ట్రౌట్ దొరికితే పైన చెప్పిన వంట అలాగే చేయొచ్చు. ముక్క పలచన కనుక సమయం మూడు నాలుగు నిమిషాలు తగ్గించండి.

అదీ లేకపోతే దిగులేం లేదు. మన చెరువు చేప ఉండనే ఉంది. శ్రీశైలం వెనుక జలాల నుంచి కృష్ణ నీళ్ళను ఎత్తిపోసే మహాత్మాగాంధీ కల్వకుర్తి ఎత్తిపోతల పథకం వచ్చాక ఆ నీళ్ళు చేరిన చెరువుల్లో చేప కూడా పెరిగింది. బొచ్చె, రవ్వ, బంగారుతీగ పిల్లలను 2016 నుంచి ప్రభుత్వం తరఫున చెరువుల్లో వదులుతూ వచ్చారు. కొర్రమీనును 2016లో తెలంగాణ రాష్ట్ర చేపగా ప్రకటించారు. కొల్లాపూర్ దగ్గర సోమశిలకు పోయినవాళ్ళు కృష్ణ చేప రుచి చూడకుండా వస్తారా?

పిల్లల కోసమైతే కొర్రమీనే మేలు. ఒక్క వెన్ను ముల్లు, కొద్దిపాటి పక్క ముళ్ళు తప్ప, రవ్వ, బొచ్చెల్లాగా కండలో దాగిన చీలిక ముళ్ళ బెడద ఉండదు. కానీ బక్క చేప అని చెప్పాను కదా, దీన్ని సాల్మన్‌లా పొడి వేడిలో పావుగంట పెడితే చెక్కలా బిగుసుకుంటుంది. అందుకని పద్ధతి మార్చి, నూనెలో పైపైన వేయించి, చివర్లో పాకం పట్టించాలి. సోయా బదులు మన చింతపండు చాలు.

చింతపండు–బెల్లం కొర్రమీను

కావలసినవి:
కొర్రమీను ముక్కలు – అర కిలో (అర అంగుళం మందం)
ఉప్పు – 1 టీ స్పూను
పసుపు – పావు టీ స్పూను
కారం – ఒకటిన్నర టీ స్పూను
అల్లం వెల్లుల్లి ముద్ద – 1 టేబుల్ స్పూను
చింతపండు – సగం నిమ్మకాయంత
బెల్లం తురుము – 2 టేబుల్ స్పూన్లు
వేయించి పొడి చేసిన జీలకర్ర, మెంతులు – అర టీ స్పూను (మెంతులు చిటికెడే)
కరివేపాకు – రెండు రెమ్మలు
నూనె – 4 టేబుల్ స్పూన్లు

తయారు చేసే విధానం:
ముక్కలను ఉప్పు, పసుపుతో రుద్ది రెండు నీళ్ళు పోసి కడిగి, నీరంతా వార్చండి. కొలిచిన ఉప్పులో ముప్పావు వంతు, పసుపు, ఒక టీ స్పూను కారం, అల్లం వెల్లుల్లి ముద్ద పట్టించి ఇరవై నిమిషాలు పక్కన పెట్టండి. చింతపండును పావు కప్పు వేడినీళ్ళలో నానబెట్టి చిక్కగా గుజ్జు తీయండి.

పెనంలో నూనె కాగాక ముక్కలు పరిచి, ఒక్కో వైపు మూడు నాలుగు నిమిషాలు వేయించి తీసేయండి. అదే నూనెలో కరివేపాకు వేసి చిటపటలాడాక చింతపండు గుజ్జు, బెల్లం, మిగిలిన ఉప్పు, కారం, జీలకర్ర మెంతి పొడి వేసి చిన్న మంట మీద కలపండి. నాలుగైదు నిమిషాలకు నూనె తేలి, గరిటెకు అంటుకునేంత చిక్కబడుతుంది. అప్పుడు ముక్కలు వేసి, పెనాన్ని కదుపుతూ రెండు నిమిషాలుంచి దించేయండి.

మన పాలమూరు నాలుకకు మొదటిసారి బెల్లం ఎక్కువనిపిస్తే ఒక స్పూనే వేసి చూడండి. ఒక మాట గుర్తుచేయనా? మృగశిర కార్తె నాడు చేప తినేవాళ్ళు చేప తింటారు, తిననివాళ్ళు ఇంగువలో బెల్లం కలిపి తింటారు. ఈ వంట చేసుకుంటే చేపా, బెల్లమూ ఒకే పళ్ళెంలో! ఈ కార్తెకు ఒకసారి ప్రయత్నించండి.

గుర్తుంచుకోండి

• గడ్డకట్టిన చేపను బయట గట్టు మీద పెట్టి కరిగించకండి. ముందురోజు రాత్రి ఫ్రిజ్‌లో కింది అరలోకి మార్చండి. గాలి లేకుండా బిగించిన ప్లాస్టిక్ సంచిలో ఉంటే, కరగబెట్టే ముందే సంచి తెరవాలి. గాలి తగలని చోట పెరిగే విషక్రిములు ఉంటాయి.

• తాజా సాల్మన్‌కు నీచు వాసన ఘాటుగా ఉండదు. వేలితో నొక్కితే పడిన గుంట మళ్ళీ పైకి లేవాలి. జిగటగా ఉన్నా, పుల్లటి వాసన వచ్చినా మొహమాటం లేకుండా పారేయండి.

• పచ్చి చేప నానిన రసాన్ని వడ్డించే పాకంలో కలపొద్దు. అది కలిసిన గిన్నె, గరిటె, చాకు, పీట సబ్బుతో కడిగాకే మళ్ళీ వాడండి.

• మిగిలిన ముక్కలు రెండు గంటలలోపే ఫ్రిజ్‌లో పెట్టి, మూడు రోజుల్లోపు తినేయండి. మర్నాడు వాటిని విడదీసి, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, ఉడికించిన ఆలుగడ్డతో కలిపి టిక్కీలు చేస్తే పిల్లల డబ్బాలోకి బాగుంటాయి.

• రుచికోసమని సోయా, బెల్లం రెండూ కొలత దాటించకండి. ఒకటి పెరిగితే రెండోది పెంచాల్సి వస్తుంది, చివరికి చేప రుచి పోయి పాకమే మిగులుతుంది.

ఇక పురుటికి పోయే మన కల్వకుర్తి అక్కయ్యకు ఒక చిన్న సలహా. అక్కయ్యా, మీరు బయలుదేరే ముందే ఇక్కడ కొర్రమీనుతో ఒకటి రెండుసార్లు చేసి చెయ్యి తిప్పుకోండి. పాకం ఏ పదునులో ఆపాలో మీ చేతికి తెలిసిపోతుంది. అక్కడికి వెళ్ళాక మొదటి రోజే మొత్తం చేపతో కాకుండా రెండు ముక్కలతో చేసి, ఆ ఓవెన్ వేడి ఎలాంటిదో చూసుకోండి. ఒక్కో ఓవెన్‌ది ఒక్కో తీరు, మన కట్టెల పొయ్యిల్లాగే. మనవణ్ణి పక్కన పీట మీద నిలబెట్టి, నువ్వులు చల్లే పని వాడికి ఇవ్వండి. తన చేత్తో చల్లింది ఏ పిల్లాడైనా తింటాడు. పులుసు కూడా మానొద్దు సుమా! చర్మం ఉన్న ముక్కతో, చివరి ఐదు నిమిషాల్లో వేసి చేయండి. తీపి చేపతో మొదలుపెట్టిన పిల్లాడు నెల తిరిగేసరికి పులుసన్నం కూడా అడుగుతాడు.

మీలో ఎవరింట్లోనైనా చేపకు తీపి చేర్చే వేరే పద్ధతి ఉంటే కొలతలతో సహా రాసి పంపండి. మామిడికాయ వేసి వండేవాళ్ళు, చెరకు రసం వాడేవాళ్ళు ఉన్నారేమో చూద్దాం. బాగున్నవాటిని ఈ శీర్షికలోనే అందరికీ చెప్పుకుందాం.